మస్కర్పోనె, జున్ను: పాడి పదముల వ్యుత్పత్తి విచారము

ఒక దేశపు తినుబండారము మఱియొక దేశమునకు వచ్చునప్పుడు దాని పేరు వెంట వచ్చును గాని, ఆ పేరునకు గల చరిత్ర వెంట రాదు. ఆ లోపమును పూరించుటకై జనులు తమకు తోచిన కథ నొకదానిని కల్పింతురు. అనువాదకులు తమకు దగ్గఱగా కనిపించిన దేశిపద మొకదానిని దాని కెదుట వ్రాయుదురు. మొదటిది లోకనిరుక్తి. రెండవది అర్థసాంకర్యము. ఈ రెండును ఒక్కచోట కనిపించుటకు ఇటలీ దేశపు మస్కర్పోనె మంచి ఉదాహరణము. తిరమిసు అను తీపివంటకము నగరములలో ప్రచారమునకు వచ్చినప్పటినుండి దాని కాధారమైన మస్కర్పోనెయు మన అంగళ్లకు వచ్చినది. దీనిని తెలుగున వివరింపవలసిన చోట "ఇటలీ జున్ను" అని వ్రాయుట విద్యార్థులకు సులభముగ తోచును. మస్కర్పోనె అను పేరునకు అర్థమేమి? దానికి జున్ను అను మాట చెల్లునా? ఈ రెండు ప్రశ్నలను కలిపి విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

పాడి పదముల చరిత్రను ధ్వనిసామ్యము ఒక్కటియే చెప్పజాలదు. ఆ వస్తువును ఎవరు, దేనితో, ఎట్లు చేసిరో తెలిసికొని, ఆ ప్రాంతపు మాండలికమున దాని పేరును వెదకి, ఆ పిమ్మటనే ధ్వనిసూత్రములను అన్వయింపవలెను. ఇటాలియను పదమునకు వర్తించు ఈ పద్ధతియే మన జున్నునకును వర్తించును.

1. వస్తువు

మస్కర్పోనెకు పుట్టినిల్లు ఉత్తర ఇటలీలోని లొంబార్దీ. మిలాను నగరమునకు దక్షిణమున లోదీ, అబ్బియాతెగ్రాస్సో పట్టణముల నడుమ నున్న పాడి ప్రాంతము దీనికి ప్రసిద్ధము. 16వ శతాబ్దాంతమున గాని 17వ శతాబ్దారంభమున గాని ఇది ప్రచారమునకు వచ్చినదని సాధారణముగ చెప్పుదురు. చేయు విధ మిది: పాలనుండి తీసిన మీగడను 85 మొదలు 90 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు వేడిచేసి, అందు నిమ్మరసమును గాని, సిట్రిక్ ఆమ్లమును గాని, టార్టారిక్ ఆమ్లమును గాని కొలదిగ కలుపుదురు. మీగడ చిక్కబడును. దానిని గుడ్డలో వడగట్టి, నీరు కారిపోవువఱకు చల్లని చోట నుంచుదురు. దూడ కడుపునుండి తీయబడు రెన్నెట్ అను తోడు ఇందు సాధారణముగ వాడరు; నెలల తరబడి మాగబెట్టుటయు లేదు. కావున నిష్కర్షగ చూచినచో ఇది చీజు కాదు. పులుపుతో గడ్డకట్టించిన మీగడ.

2. మూడు వ్యుత్పత్తులు

ఈ పేరునకు మూడు వ్యుత్పత్తులు ప్రచారములో నున్నవి. మొదటిది స్పెయిన్ దేశమునకు సంబంధించిన కథ. 1535లో స్ఫోర్జా వంశపు కడపటి ప్రభువు మరణించిన పిదప మిలాను స్పెయిన్ ఏలికల వశమై, 18వ శతాబ్దారంభము వఱకు వారి యధీనమున నుండెను. ఆ కాలమున స్పానిషు అధికారి యొకడు దీనిని రుచిచూచి, "మాస్ కే బ్వేనో", అనగా "మంచికి మించినది", అని మెచ్చుకొనెననియు, ఆ మెచ్చుకోలే మస్కర్పోనె యైనదనియు చెప్పుదురు. చరిత్రలో స్పానిషు పాలన నిజమే. లోకనిరుక్తికి బల మిచ్చునది ఇట్టి నిజమే. చుట్టునున్న చరిత్ర సత్యమగుటచే మధ్యనున్న కథయు సత్యముగ తోచును.

కాని ఈ కథ పరీక్షకు నిలువదు. "బ్వేనో"లోని బకారము పకారమగుటకును, "కే" అనునది "కర్" అగుటకును, లేని రేఫము మధ్యలో పుట్టుటకును వేర్వేఱు కారణములు చూపవలసి యుండును. అంతకంటె ముఖ్యమైన బాధక మొకటి కలదు. ఆ ప్రాంతముననే మస్కర్పా అను చిన్నమాట మఱియొక పాలవస్తువునకు పేరుగ నున్నది. స్పానిషు కథను అంగీకరించినచో ఈ మస్కర్పా ఎక్కడిదో చెప్పుటకు వీలులేదు. ఒక పదమును వివరించుచు దాని తోబుట్టువును అనాథను చేయు వ్యుత్పత్తి వ్యుత్పత్తి కాదు.

రెండవది గృహనామమునకు సంబంధించినది. లోదీ, మిలానుల సరిహద్దున మస్కెర్పా అను కుటుంబమునకు చెందిన పాడిక్షేత్ర ముండెననియు, ఆ యింటి పేరే వస్తువునకు వచ్చినదనియు దీని సారాంశము. ఇది మొదటి దానికంటె ధ్వనికి దగ్గఱగ నున్నది. ఐనను ఇందు పూర్వాపర విచారము లోపించినది. చేయు పనినిబట్టియు, అమ్ము వస్తువునుబట్టియు ఇంటిపేర్లు ఏర్పడుట సర్వదేశములయందును కలదు. కావున ఇంటిపేరును వస్తువు పేరును ఒక్కటియైనప్పుడు, ఏది ముందో నిరూపింపక ఒకదానిని రెండవదానికి మూలమనుట తగదు.

మూడవది మాండలిక వ్యుత్పత్తి. లొంబార్దీ పలుకుబడిలో మస్కర్పా, మస్కెర్పా అను రూపములు రికొత్తాకు పేర్లు. జున్నుగడ్డను పోలిన చీజును తీసిన పిదప మిగిలిన తేటను మరల కాచినప్పుడు పైకి తేలు మెత్తని ముద్దయే రికొత్తా. ఈ మస్కర్పాకు ఇటాలియనులో ఆధిక్యమును తెలుపు -ఓనె ప్రత్యయము చేరగా మస్కర్పోనె అగును. మినెస్త్రా అనగా చారు వంటిది. దానికి ఇదే ప్రత్యయము చేరగా కూరగాయల ముక్కలతో చిక్కగా నుండు మినెస్త్రోనె ఏర్పడినది. ప్రోవొలా, ప్రోవొలోనె అను చీజుల పేర్లును ఇట్టివే. తెలుగున ఆధిక్యమును చెప్పుటకు పెను- అను మాటను ముందు చేర్చి పెనుగాలి, పెనుమంట అందుము; ఇటాలియను దానిని పదాంతమున చేర్చును. భేదము స్థానమున మాత్రమే.

అర్థమును ఇట్లు సమన్వయింపవచ్చును: తేటనుండి వచ్చునది మస్కర్పా, దానిని పోలియు, మీగడనుండి వచ్చుటచే దానికంటె జిడ్డును చిక్కదనమును హెచ్చుగా గలది మస్కర్పోనె. అనగా "గొప్ప మస్కర్పా". ఇందు రూపము, అర్థము, ప్రాంతము మూడును కలసినవి. మస్కర్పా యొక్క అంతకు లోతైన మూలమును గూర్చి పండితులలో ఏకాభిప్రాయము లేదు. కాని దాని నుండి మస్కర్పోనె పుట్టుటకు అది బాధకము కాదు.

3. ఉచ్చారణ

ఈ పదము నాలుగక్షరముల మాట: మస్-కర్-పో-నె. కడపటి ఎకారమును పలుకవలెను. ఆంగ్లము మాట్లాడువారు పలువురు దీనిని "మార్స్కపోన్" అని పలుకుటయు, అట్లే వ్రాయుటయు కలదు. రెండవ అక్షరమందలి రేఫము మొదటి అక్షరమునకు దుమికినది. కడపటి అచ్చు రాలినది. మొదటి మార్పు వర్ణవ్యత్యయము. పాడి పదములలోనే దీనికి ప్రసిద్ధమైన తార్కాణము మఱియొకటి కలదు. అచ్చు అను అర్థము గల లాటిను శబ్దము ఫోర్మా. అచ్చులో పోసి చేసినది గనుక ఇటాలియనులో చీజునకు ఫోర్మాజ్జో అను పేరు కలిగినది. ఫ్రెంచిలో రేఫము స్థానము మారి అదియే ఫ్రొమాజ్ అయినది.

మనకు వర్ణవ్యత్యయము క్రొత్త కాదు. తమిళ అవర్ తెలుగున వారు, ఇరణ్డు రెండు, మరమ్ అనుదానికి సమానమైనది మ్రాను, తరువాత మాను. ఐతే తెలుగున జరిగినది నియతమైన ధ్వనిపరిణామము. మార్స్కపోన్ అనునది వక్తల జిహ్వాస్ఖలనమువలన గలిగిన యాదృచ్ఛిక రూపము. వ్యుత్పత్తికి మొదటి రకము ఆధారమగును. రెండవ రకము కాదు.

4. పేర్లకు ఆధారములు

పాలవస్తువులకు పేరు పెట్టునప్పుడు జనులు దేనిని గమనింతురు? ఇటలీలో రికొత్తా అనగా "మరల కాచినది". ఇది క్రియనుబట్టి వచ్చిన పేరు. స్త్రక్కినో అను చీజు పేరు అలసట నర్థము గల స్త్రక్ అను లొంబార్దీ మాటనుండి వచ్చినది. కొండ మేతనుండి దిగివచ్చి అలసిన ఆవుల పాలతో చేసినదని దాని భావము. ఫోర్మాజ్జో పాత్రనుబట్టి వచ్చినది.

తెలుగు పేర్లను ఇదే దృష్టితో చూడవచ్చును. మీఁగడలోని తొలిభాగము మీఁదు శబ్దములోనిదే. పాలమీద తేలునది గనుక ఆ పేరు. హైదరాబాదు ప్రాంతపు ఉర్దూలో మలాయితోపాటు బాలాయి అను మాటయు కలదు. పారసీకమున బాలా అనగా పైభాగము. ఒకదానితో నొకటి సంబంధము లేని రెండు భాషాకుటుంబములు ఒకే వస్తువును ఒకే కన్నుతో చూచి పేరు పెట్టుటకు ఇది చక్కని దృష్టాంతము. వెన్న అనునది రంగునుబట్టి వచ్చిన పేరు. తమిళ వెణ్ణెయ్, కన్నడ బెణ్ణె దీనికి జ్ఞాతిపదములు. తెల్లని నెయ్యి అని అర్థము. వెన్నెలలోని వెన్- అనునదియు ఈ తెలుపే.

పెరుగు విషయమున లోకనిరుక్తి మన యింటిలోనే ఉన్నది. చెంచెడు తోడు కుండెడుగా "పెరుగును" గనుక పెరుగు అని కొందఱు చెప్పుదురు. కాని కుండలోని పాలు ఎంతయో పెరుగును అంతయే, పరిమాణము పెరుగదు. గడ్డకట్టు అను నర్థమున పేరు అను ధాతువు మనకు కలదు. "పేరిన నెయ్యి" అని ఇంటింట వినుచున్నాము. పెరుగును ఈ ధాతువుతో కలుపుటయే అర్థమునకు సరిపడును. కన్నడమున తోడునకు హెప్పు అను పేరుండుటయు, దానికి పూర్వరూపము పెర్పు అగుటయు ఈ సంబంధమును బలపఱచును. మస్కర్పోనె విషయమున వలెనే ఇచ్చటను వస్తువు ఏర్పడు విధమే సరియైన త్రోవ చూపినది.

5. జున్ను

జున్ను ఎట్లేర్పడును? ఆవు గాని గేదె గాని ఈనిన తొలి దినములలో ఇచ్చు పాలు ముర్రుపాలు. వీనిలో దూడకు రోగనిరోధకశక్తి నిచ్చు మాంసకృత్తులు సాధారణపు పాలలోకంటె ఎన్నోరెట్లు అధికముగ నుండును. అవి వేడిచేతనే గడ్డకట్టును. బెల్లము, మిరియములు, ఏలకులు కలిపి ఆవిరిమీద ఉడికించినచో పులుపు గాని, తోడు గాని, రెన్నెట్ గాని లేకయే పాలు ముక్కలుగ కోయదగిన ముద్ద యగును. ఇదియే జున్ను. కావున జున్నునకు లక్షణము గడ్డకట్టుట మాత్రము కాదు; ముర్రుపాలనుండి వేడిచే గడ్డకట్టుట.

సంస్కృతమున ఈ తొలిపాలకు పీయూషమని పేరు. అమరకోశమున ఈ శబ్దము అమృతమునకును, క్రొత్తగా ఈనిన ఆవు పాలకును పేరుగ చెప్పబడినది. మహారాష్ట్రమున ఈ వంటకమును ఖర్వస్ అందురు. తమిళులు ఈ పాలను సీమ్పాల్ అందురు. కన్నడమున గిణ్ణు.

ఈ గిణ్ణు మన జున్నునకు జ్ఞాతిపదమా? హల్లులను పరీక్షింతము. కన్నడ ద్విరుక్త ణకారమునకు తెలుగున ద్విరుక్త నకారము నియతము: కణ్ణు, కన్ను, మణ్ణు, మన్ను, బెణ్ణె, వెన్న. కావున గిణ్ణులోని ణ్ణ, జున్నులోని న్న సరిపడినవి. పదాది విషయమున, తాలవ్యాచ్చునకు ముందు కన్నడ కకారమునకు తెలుగున చకారము వచ్చును: కివి, చెవి, కిఱు, చిఱు, కెఱె, చెఱువు. చర్లపల్లి వంటి ఊరిపేరులోని తొలిభాగమును ఈ చెఱువునకే అన్వయింపవచ్చును: చెఱువుల అను షష్ఠీ బహువచన రూపము సంకోచించి చెర్ల, ఉచ్చారణభేదముచే చర్ల. 2025 జనవరిలో ప్రారంభమైన రైల్వే టెర్మినలు మూలమున నేడు దూరప్రాంతముల వారికిని తెలిసిన ఆ పేరు, కన్నడ దేశమున నుండియున్నచో కకారముతో మొదలయ్యెడిది. కకార చకారముల సంబంధము ఎట్టిదో గకార జకారముల సంబంధమును అట్టిదే అని ఊహించినచో గిణ్ణు, జున్నుల పదాదియు కలియును.

మిగిలిన చిక్కు అచ్చు. గిణ్ణులోనిది ఇకారము, జున్నులోనిది ఉకారము. ఈ మార్పునకు పై ఉదాహరణములలో సాక్ష్యము లేదు. కావున ఈ రెంటి బాంధవ్యమును సిద్ధాంతముగ గాక ప్రతిపాదనముగ మాత్రమే ఉంచుచున్నాను. దీనిని సిద్ధాంతము చేయగలది నిఘంటువు కాదు. ఏ పల్లెలోనో వృద్ధురాలి నోట నిలిచిన మధ్యస్థ రూపము. మస్కర్పోనె చిక్కును విప్పినదియు లొంబార్దీ పల్లెమాటయే కదా.

6. అనువాద సమస్య

చీజునకు జున్ను అని వ్రాయుట ఆంగ్ల-తెలుగు నిఘంటువులలో చిరకాలముగ నున్నది. అర్థవ్యాకోచము భాషకు సహజమే కదా, దీని కేల ఆక్షేపింపవలెనని అడుగవచ్చును. నూనె అను మాటయే అందుకు తార్కాణమని చూపవచ్చును. నువ్వు, నెయ్యి కలసి నూనె. మొదట నువ్వులనుండి తీసినదానికే ఆ పేరు. నేడు కొబ్బరినూనె, వేరుసెనగనూనె అనుచున్నాము. చివరకు నువ్వులనూనె అనుచు నువ్వును రెండుమార్లు చెప్పుచున్నాము.

ఈ తార్కాణము నిజమే. కాని అది మఱియొకదానిని నేర్పుచున్నది. నూనె అర్థము వ్యాపించినప్పుడు జనులు తమ అవసరమునుబట్టి నువ్వులనూనె అను క్రొత్తమాటను కల్పించుకొని పాత అర్థమును కాపాడుకొనిరి. ఆ వ్యాకోచము వక్తల నోట జరిగినది. జున్ను విషయమున వ్యాకోచము పుస్తకముల పుటలలో జరుగుచున్నది. పాత వస్తువునకు వేఱుమాట పుట్టలేదు. ఆ వస్తువే నగరములలో అరుదగుచున్నది. ముర్రుపాలు అను మాటకు నేడు ఆరోగ్యప్రచారములవలన తల్లి తొలిపాలు అను అర్థము ప్రధానమైనది. అది మంచి పనికే వచ్చినది. కాని పశువుల కొట్టమునుండి ఆ మాట తొలగి, జున్ను అను మాట చీజునకు పోయినచో, ఈనిన ఆవు పాలను కాచి తిను అలవాటునకు సంబంధించిన రెండు మాటలును పరాయివగును. తరువాతి తరపు పాఠకుడు పాత గ్రంథమున జున్ను అను మాటను చూచి, ఆనాడే తెలుగువారు చీజు చేసిరని పొరబడును. ఆ తప్పుడు చరిత్రకు మన అనువాదమే కారణమగును.

పులుపుచే పాలను విఱిచి చేయు వస్తువు మన దేశమున ప్రాచీనమే. కాగిన పాలలో పెరుగు కలుపగా విఱిగిన ముద్దకు ఆమిక్ష అనియు, మిగిలిన తేటకు వాజినము అనియు వైదిక కర్మకాండమున పేర్లు కలవు. పనీరు ఈ జాతిది. మస్కర్పోనెయు గడ్డకట్టు విధమున దీనికే దగ్గఱ. మూలద్రవ్యము మాత్రము మీగడ. కావున నేను సూచించు పద్ధతి ఇది: చీజును చీజు అనియే వ్రాయవలెను, అది తెలుగువారికి తెలిసిన మాటయే. మస్కర్పోనెను ఆ పేరుతోనే వ్రాసి, మొదటిసారి వచ్చిన చోట "పులుపుతో గడ్డకట్టించిన మీగడ" అని వివరణ మీయవలెను. జున్నును జున్నునకే విడువవలెను.

7. చేయవలసిన పని

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు సిద్ధపఱచిన మాండలిక వృత్తి పదకోశపు మొదటి సంపుటము 1962లో వెలువడినది. అది వ్యవసాయ పదములకు సంబంధించినది. చేనేత పదముల సంపుటము 1971లో వచ్చినది. గ్రంథస్థము కాని మాటలను పనివారి నోటనుండియే సేకరింపవలెనని ఆ గ్రంథములు నేర్పిన మార్గము పాడి పదములకును అనుసరణీయము.

ఇందుకు దూరప్రయాణము అక్కఱలేదు. ఉప్పల్, కాప్రా, చర్లపల్లి ప్రాంతములు నగరమున కలసిపోయినను, పూర్వము బఱ్ఱెలను మేపి చల్ల చిలికిన వారు ఆ యిండ్లలో ఇంకను కలరు. వారిని అడుగునప్పుడు "జున్నును ఏమందురు" అని ప్రారంభింపరాదు. మనము చెప్పిన మాటనే వారు మరల చెప్పుదురు. వస్తువును వర్ణించి పేరు అడుగవలెను. ఈనిన నాటి పాలకును, రెండవ మూడవ నాటి పాలకును పేరు ఒక్కటియేనా? వేడికి గడ్డకట్టిన పాలకు, పులిసి విఱిగిన పాలకు వేర్వేఱు మాటలు కలవా? తోడు అందురా, చేమిరి అందురా? పాలు కాగు దాలికి, చిలుకు కుండకు, కవ్వపు త్రాటికి ఏయే పేర్లు? చల్ల అనువారు మజ్జిగ అను మాటను ఏ యర్థమున వాడుదురు? ప్రతి మాటను వక్త పలికినట్లే, దిద్దక, వ్రాసికొనవలెను. జిన్ను అనియో, గిన్ను అనియో ఒక్కచోట వినబడినను, పైన ఆగిపోయిన విచారము ముందునకు సాగును.

చల్లకు వచ్చి ముంత దాచరాదని మన సామెత. పాడి పదములకై వెళ్లువారు తమకు కావలసినదేమో సూటిగ చెప్పి, చెప్పువారి తీరికకు తగినట్లు కూర్చుండి వినవలెను. ఆ మాటలు తెలిసినవారు చాలమంది డెబ్బది యేండ్లు దాటినవారు. పరిశోధక విద్యార్థులు ఈ పనిని సిద్ధాంతవ్యాసపు అనుబంధముగ గాక, మొదటి అధ్యాయముగ చేపట్టుట మంచిది.